ఫ్లడ్ జోన్ ఇంటికి ఎలివేషన్ సర్టిఫికెట్: హ్యూస్టన్‌లో మేము చేయించుకున్న సర్వే ఎలా ఉందంటే

ముందు రేటింగ్ చెప్పేస్తాను. మా ఇంటికి ఎలివేషన్ సర్టిఫికెట్ (వరద లెక్క కోసం ఇంటి ఎత్తు కొలిచి రాసిచ్చే కాగితం) చేసిచ్చిన సర్వే ఆఫీసుకి ఐదుకి ఐదు ఇస్తాను. అందులో మూడు మార్కులు, డబ్బులు తీసుకోకముందే "అసలు ఇది మీకు పనికొస్తుందా లేదా" అని చూసి చెప్పినందుకు. మిగతా రెండూ పని శుభ్రంగా చేసినందుకు. ఇద్దరు ముగ్గురు పనిచేసే చిన్న ఆఫీసు, వెబ్‌సైట్ పాతకాలం నాటిది, కార్డు తీసుకోరు, చెక్కు రాసివ్వాల్సిందే, పగటిపూట అందరూ సైట్ల మీద ఉంటారు కాబట్టి ఫోన్ చేస్తే సాయంత్రం గానీ పలకరు. ఇవన్నీ చిన్న విషయాలే.

ఇంత పొడుగ్గా ఎందుకు రాస్తున్నానంటే హ్యూస్టన్ చుట్టుపక్కల కేటీ, సైప్రెస్, షుగర్ ల్యాండ్, పేర్‌ల్యాండ్ వైపు ఇళ్లు కొంటున్న మనవాళ్లు చాలామంది ఈ కాగితం గురించి ఎవరు ఏది చెబితే అది నమ్మేస్తున్నారు. ఒకరేమో "ఇప్పుడు అదేమీ అక్కర్లేదు" అంటారు, ఇంకొకరు "అది ఉంటే ఇన్సూరెన్సే కట్టక్కర్లేదు" అంటారు. రెండూ సగం సగం నిజాలే.

మా ఇల్లు సైప్రెస్ వైపు. తొంభైల్లో కట్టిన ఇల్లు, క్రీక్‌కి మరీ దగ్గరేమీ కాదు, కానీ ఫీమా (అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ) వరద మ్యాపులో జోన్ ఏఈలో పడింది. ఏఈ అంటే ఏ సంవత్సరమైనా వరద రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్న ప్రాంతం, ఆ వరద నీళ్లు ఏ ఎత్తు దాకా రావచ్చో కూడా లెక్కగట్టి పెట్టిన ప్రాంతం. ఆ ఎత్తునే బేస్ ఫ్లడ్ ఎలివేషన్ అంటారు, అందరూ బీఎఫ్‌ఈ అనేస్తారు. దీన్నే "వందేళ్ల వరద" అని కూడా పిలుస్తారు గానీ, వందేళ్లకి ఒక్కసారే వస్తుందని అనుకోకండి. ముప్పై ఏళ్ల హోమ్ లోన్ కాలంలో కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. ఈ జోన్‌లో ఇల్లు ఉండి, లోను మామూలు బ్యాంకులో తీసుకుంటే ఫ్లడ్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, 1973 నుంచి చట్టం అదే. మాకు వచ్చిన మొదటి కోట్ ఏడాదికి రెండు వేల డాలర్లు దాటింది. అది నెల వాయిదాలో కలుస్తుంది కాబట్టి టెన్షన్ పడ్డాం.

అప్పుడే ఎలివేషన్ సర్టిఫికెట్ మాట వచ్చింది. ఇది ఫీమా వాళ్ల ఫారం. మన ఇంటి ఫ్లోర్ ఎంత ఎత్తులో ఉంది, గరాజ్ ఎంత ఎత్తులో ఉంది, ఏసీ, వాటర్ హీటర్ లాంటి మెషిన్లలో అన్నిటికంటే కింద ఉన్నది ఎంత ఎత్తులో ఉంది, ఇంటి గోడని ఆనుకున్న నేల ఎక్కడ బాగా పల్లంగా ఉంది, ఎక్కడ బాగా ఎత్తుగా ఉంది, ఇవన్నీ లైసెన్స్ ఉన్న సర్వేయర్ కొలిచి, అడుగులో పదో వంతు దాకా రాసి, సంతకం పెట్టి సీలు వేసి ఇస్తాడు. టెక్సస్‌లో అయితే ఆర్‌పీఎల్ఎస్ అని లైసెన్స్ ఉన్న ల్యాండ్ సర్వేయర్ చేత చేయించుకోవడం మామూలు. ఇంజినీర్లూ, ఆర్కిటెక్టులూ కూడా ఇవ్వొచ్చు గానీ ఇళ్లకి ఎక్కువగా సర్వేయర్లే చేస్తారు.

ఒక విషయం ఇక్కడే చెప్పాలి. లోన్ క్లోజింగ్ కాగితాల్లో "ఫ్లడ్ సర్టిఫికేషన్" అని ఒక చిన్న ఫీజు కనిపిస్తుంది. అది ఇది కాదు. అది బ్యాంకు వాళ్లు మ్యాపు చూసి ఈ ఇల్లు జోన్‌లో ఉందా లేదా అని రాయించుకునేది, దానికోసం ఇంటికొచ్చి ఎవరూ ఏమీ కొలవరు.

మేము మూడు నాలుగు చోట్ల అడిగితే ఐదు వందల నుంచి ఎనిమిది వందల డాలర్ల దాకా చెప్పారు. ఒకాయన అడ్రస్ కూడా అడక్కుండా "అడ్వాన్స్ పంపండి, వచ్చే వారం వస్తాం" అన్నాడు. మేము చివరికి ఎంచుకున్న ఆఫీసు పెద్దాయన మాత్రం అడ్రస్ తీసుకుని, మరుసటి రోజు సాయంత్రం తనే ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడారు. ఆయన చెప్పింది ఇది: మీ దగ్గర బీఎఫ్‌ఈ 121 అడుగులు, కౌంటీ లేజర్ కొలతల ప్రకారం మీ స్థలంలో నేల కూడా దాదాపు అంతే ఉంది, అంచేత మ్యాపు నుంచి మీ ఇంటిని తీయించగలమా లేదా అన్నది కొలిస్తే గానీ తెలియదు, సగం సగం ఛాన్స్ అనుకోండి, కానీ మీ ఫ్లోర్ దానికంటే అడుగు పైనే ఉంటుంది కాబట్టి ఇన్సూరెన్స్ మాత్రం కొంత తగ్గవచ్చు. ఆ తర్వాత ఇంకో మాట అన్నారు, నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే. "నాకు డబ్బులు ఇచ్చే ముందు కౌంటీ పర్మిట్ ఆఫీసులో అడగండి, ఇల్లు కట్టినప్పటి సర్టిఫికెట్ వాళ్ల దగ్గర ఉండొచ్చు, ఉంటే మీకు ఖర్చే ఉండదు" అన్నారు.

ఇది చాలామందికి తెలియదు. ఫ్లడ్ ఇన్సూరెన్స్ పథకంలో చేరిన ప్రతి ఊరూ, కౌంటీ, ఫ్లడ్ జోన్‌లో కొత్తగా కట్టే ఇళ్ల ఫ్లోర్ ఎత్తు రికార్డు ఉంచాలి. కాబట్టి ముందు అక్కడ అడగండి, అమ్మేవాళ్లని అడగండి, వాళ్ల ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని అడగండి. మాకైతే పాత సర్టిఫికెట్ దొరికింది గానీ పనికి రాలేదు. దానికి కారణం హ్యూస్టన్ వాళ్లందరూ తెలుసుకోవాల్సింది. ఎత్తు అనేది దేని నుంచి కొలిచారన్న దాని మీద ఆధారపడుతుంది. పాత కాగితాల్లో 1929 నాటి ఆధారం వాడేవారు, ఇప్పటి మ్యాపులు 1988 ఆధారం మీద ఉన్నాయి. దానికి తోడు ఇక్కడ భూగర్భ జలాలు దశాబ్దాల తరబడి తోడేయడం వల్ల నేలే కుంగింది, కొన్నిచోట్ల అడుగుల లెక్కన. అది ఆపడానికి 1975లోనే హ్యారిస్, గాల్వెస్టన్ కౌంటీలకి కలిపి ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టారంటే సమస్య ఎంత పెద్దదో అర్థం చేసుకోండి. అందుకని పాత సర్టిఫికెట్‌లో ఉన్న అంకెని ఇప్పటి బీఎఫ్‌ఈ పక్కన పెట్టి "మన ఇల్లు రెండడుగులు పైన ఉంది" అని సంబరపడితే లెక్క మొత్తం తప్పుతుంది. కాగితంలో ఏ ఆధారం రాశారో, నేల కుంగినందుకు ఎత్తుల్ని ఏ సంవత్సరం లెక్కకి సవరించి రాశారో చూడండి.

సర్వే రోజున పెద్దాయన, ఒక కుర్రాడు కలిసి వచ్చారు. ముందు దగ్గర్లోని వంతెన మీద ఉన్న ఇత్తడి బిళ్ల దగ్గర మొదలుపెట్టి అక్కడి నుంచి ఎత్తు తెచ్చుకున్నారు, జీపీఎస్‌తో మళ్లీ సరిచూసుకున్నారు. ఇంటి దగ్గర ముందు గుమ్మం, గరాజ్ స్లాబు, ఏసీ దిమ్మె, వెనక పాటియో మెట్టు, ఆ తర్వాత ఇంటి చుట్టూ గోడని ఆనుకుని ప్రతి మూలా కొలిచారు. పూల మొక్కల కోసం తవ్విన చోట, గట్టర్ నీళ్లు పడి మట్టి కొట్టుకుపోయిన చోట ప్రత్యేకంగా రాడ్ పెట్టి చూశారు. నేను వెనకాలే తిరుగుతూ ప్రశ్నలు అడిగితే విసుక్కోకుండా చెప్పారు. ముందూ వెనకా ఫోటోలు తీసుకున్నారు, ఇన్సూరెన్స్‌కి పెట్టాలంటే ఆ ఫోటోలు ఫారంలో తప్పకుండా ఉండాలట.

ఫోటోల విషయం ఎందుకు చెబుతున్నానంటే, పేర్‌ల్యాండ్‌లో ఉండే మా అక్కావాళ్లు చవకగా వస్తోందని వేరే చోట చేయించారు. సర్వేయర్ వచ్చాడు, పావుగంటలో వెళ్లిపోయాడు, పీడీఎఫ్ కూడా త్వరగానే వచ్చింది. కానీ అందులో వెనకవైపు ఫోటో లేదు, బిల్డింగ్ డయాగ్రామ్ నంబరు (ఇల్లు ఏ రకంగా కట్టిందో చెప్పే నంబరు) తప్పు వేశారు. స్లాబు మీద కట్టిన మామూలు ఇంటికి కింద క్రాల్‌స్పేస్ (పాకుతూ వెళ్లేంత ఖాళీ) ఉన్న ఇంటి నంబరు వేస్తే ఇన్సూరెన్స్ వాళ్లు ఎలా ఒప్పుకుంటారు? వెనక్కి పంపేశారు. మళ్లీ సరిచేయించడానికి బావగారు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆ ఆఫీసు వాళ్లు రేపు, ఎల్లుండి అంటూ తిప్పారు. పీడీఎఫ్ రాగానే డయాగ్రామ్ నంబరు, ఫోటోలు, తేదీలు, సంతకం, సీలు, మ్యాపు ప్యానెల్ నంబరు మీరే ఒకసారి సరిచూసుకోండి. ఫీమా మ్యాప్ సర్వీస్ సెంటర్ సైట్‌లో మీ అడ్రస్ కొడితే మ్యాపు ముక్క ఉచితంగా వస్తుంది, దాన్ని పక్కన పెట్టుకుంటే చాలు.

మా సర్టిఫికెట్ ఈమెయిల్‌లో వచ్చాక పెద్దాయన మళ్లీ ఫోన్ చేసి ఒక్కో లైనూ అర్థమయ్యేలా చెప్పారు. ఇంటి ఫ్లోర్ 122.3 అడుగులు. బీఎఫ్‌ఈ కంటే 1.3 అడుగులు పైన, చాలా మంచి విషయం. కానీ గోడని ఆనుకున్న నేలలో అన్నిటికంటే పల్లమైన చోటు ఏసీ పక్కన 120.8 వచ్చింది. అంటే బీఎఫ్‌ఈ కంటే దాదాపు రెండున్నర అంగుళాలు తక్కువ.

ఈ రెండు అంకెలూ రెండు వేర్వేరు పనులకి. ఇన్సూరెన్స్ రేటుకి ఫ్లోర్ ఎత్తు కావాలి. మ్యాపు నుంచి ఇంటిని తీయించడానికి, అంటే లోమా అనే లెటర్ రావడానికి, ఫ్లోర్ ఎత్తు లెక్కలోకే రాదు, ఇంటిని తాకే నేలలో అన్నిటికంటే పల్లమైన చోటు బీఎఫ్‌ఈకి సమానంగా గానీ పైన గానీ ఉండాలి. దాన్ని లోయెస్ట్ అడ్జసెంట్ గ్రేడ్ అంటారు, ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి ల్యాగ్ అనేస్తారు. "మా ఫ్లోర్ పైన ఉంది కదా, లోమా ఎందుకు రాదు" అని కొట్లాడేవాళ్లు ఎంతమందో, ఆ ల్యాగ్ లైను ఒక్కటి చూస్తే సమాధానం అక్కడే ఉంటుంది.

మాకు లోమా రాదని తేలింది. "ఏసీ దగ్గర రెండు బస్తాల మట్టి పోసి మళ్లీ కొలిస్తే?" అని మా ఆయన అడిగారు. పెద్దాయన కుదరదన్నారు. మట్టి పోసి ఎత్తు పెంచిన స్థలానికి అప్లికేషన్ వేరు, దానికి ఫీమా ఫీజు ఉంది, స్థానిక అధికారి సంతకం కావాలి, పైగా హ్యారిస్ కౌంటీలో వరద ప్రాంతంలో మట్టి పోయాలంటే పర్మిట్ తీసుకుని, పోసినంత జాగా ఇంకోచోట తవ్వి చూపించాలి, ఎందుకంటే మనం పోసిన మట్టి మేర నీళ్లు పక్కింటికి పోతాయి. ఇంకో సర్వేయర్ అయితే "సరే పోయండి, మళ్లీ వస్తాను" అని రెండో ఫీజు తీసుకునేవాడేమో. ఈయన అలా చేయలేదు. నా ఐదు మార్కులకి ఇది పెద్ద కారణం.

ఇక ఇన్సూరెన్స్ సంగతి. మా మొదటి ఏజెంట్ "2021 తర్వాత ఎలివేషన్ సర్టిఫికెట్ అడగడం లేదు, అనవసర ఖర్చు" అని కొట్టిపారేశాడు. రూల్ వరకు నిజమే. 2021 అక్టోబరు 1 నుంచి కొత్త పాలసీలకి, 2022 ఏప్రిల్ నుంచి రెన్యువల్స్‌కి రిస్క్ రేటింగ్ 2.0 అనే కొత్త లెక్క వచ్చింది. అందులో సర్టిఫికెట్ లేకపోయినా ఫీమా తన దగ్గరున్న సమాచారంతో మన ఫస్ట్ ఫ్లోర్ (ఇక్కడి లెక్కలో కింది అంతస్తు) ఎత్తుని అంచనా వేసి రేటు ఇస్తుంది. కానీ ఆ అంచనా మన అసలు ఎత్తు కంటే తక్కువ ఉంటే మనం ఎక్కువ కడుతున్నట్టే. సర్టిఫికెట్ ఇస్తే రెండిటినీ పోల్చి మనకి ఏది లాభమో అదే తీసుకుంటారు, రేటు పెరగదు. మేము ఏజెంట్‌ని మార్చి సర్టిఫికెట్ పెట్టిస్తే ప్రీమియం ఏడాదికి దాదాపు నాలుగు వందల డాలర్లు తగ్గింది. అంటే రెండేళ్లలోపే సర్వే ఖర్చు వచ్చేసినట్టు. అందరికీ ఇంత తగ్గుతుందని చెప్పను. స్లాబు నేలకి బాగా దగ్గరగా ఉన్న ఇంటికి అసలేమీ తగ్గకపోవచ్చు, అందుకే ముందుగా చూసి చెప్పే సర్వేయర్ కావాలనేది.

అక్కావాళ్లది మాత్రం సంతోషకరమైన కథ. సరిచేసిన సర్టిఫికెట్‌లో ల్యాగ్ బీఎఫ్‌ఈ కంటే అర అడుగు పైన వచ్చింది. బావగారు ఫీమా ఆన్‌లైన్ సైట్‌లో తనే లోమాకి అప్లై చేశారు. దీనికి ఫీమా ఫీజు ఏమీ తీసుకోదు. కాగితాలన్నీ అందిన 60 రోజుల్లోపు నిర్ణయం చెప్పాలని రూలు, వాళ్లకి ఆలోపే లెటర్ వచ్చింది. బ్యాంకు కూడా తప్పనిసరి ఇన్సూరెన్స్ తీసేయడానికి ఒప్పుకుంది. లెటర్ వచ్చినా బ్యాంకు కావాలంటే ఇన్సూరెన్స్ అడగొచ్చు, ఆ హక్కు వాళ్లకుంది, ఇది ముందే తెలిసి ఉండటం మంచిది.

అయితే లెటర్ రాగానే పాలసీ పూర్తిగా క్యాన్సిల్ చేద్దామన్నారు బావగారు. నేనూ అక్కా వద్దంటే వద్దని పట్టుబట్టాం. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చినప్పుడు ఒక్క హ్యారిస్ కౌంటీలోనే 1,54,000 ఇళ్ల దాకా మునిగాయి, అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఈ వందేళ్ల వరద గీతకి బయట ఉన్నవే. బార్కర్, ఆడిక్స్ రిజర్వాయర్ల వెనక ఉన్న కాలనీల్లో జోన్ ఎక్స్ (ఆ వందేళ్ల వరద గీతకి బయటి ప్రాంతం) అని ధైర్యంగా ఉన్నవాళ్ల హాళ్లలోకి నీళ్లొచ్చాయి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరద నష్టం ఇవ్వదు. జోన్ బయటికి వచ్చాక ఇన్సూరెన్స్ మీ ఇష్టం అవుతుంది, ప్రమాదం మాత్రం ఎక్కడికీ పోదు. దయచేసి పాలసీ ఉంచుకోండి. ఇంటికి రెండున్నర లక్షలు, సామానుకి లక్ష డాలర్ల దాకా ఈ ప్రభుత్వ పథకంలో కవర్ దొరుకుతుంది, సామాను కవర్ విడిగా అడిగి తీసుకోవాలి.

మాది విజయవాడ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు మా పిన్నివాళ్లు మొదటి అంతస్తులో చిక్కుకుపోయారు, ఫోన్లు కలవక మేమిక్కడ నిద్రలేకుండా కూర్చున్నాం. ఆ వీధిలో ఏ ఇల్లు ఎంత ఎత్తులో ఉందో, నీళ్లు ఎంత దాకా వస్తే ఎవరు ముందు ఖాళీ చేయాలో రాసిపెట్టిన కాగితం వాళ్లలో ఎవరి దగ్గరా లేదు. ఇక్కడ ఒక మామూలు ఇంటికి అంగుళాల లెక్కన కొలిచి, సంతకంతో చేతిలో పెడుతుంటే నాకు నిజంగా గొప్పగా అనిపించింది. ఆ అంకె ఇన్సూరెన్స్‌కి మాత్రమే కాదు. వాన ఎక్కువైన రోజు కౌంటీ సైట్‌లో మా దగ్గరి క్రీక్ నీటిమట్టం గేజ్ ఎంత చూపిస్తోందో చూసి, మా ఫ్లోర్ 122.3 అని గుర్తు చేసుకుని, కారు ఎప్పుడు తీసి ఎత్తులో పెట్టాలో నిర్ణయించుకుంటున్నాం.

ఇల్లు ఇంకా కొనలేదు, చూస్తున్నారు అనుకునేవాళ్లకి రెండు మాటలు. టెక్సస్‌లో 2019 సెప్టెంబరు నుంచి అమ్మేవాళ్లు ఇంట్లోకి ఇంతకుముందు నీళ్లు వచ్చాయా, వందేళ్ల వరద ప్రాంతంలో ఉందా, ఐదొందల ఏళ్లదాంట్లో ఉందా, రిజర్వాయర్ నీళ్లు నిలిచే భాగంలో ఉందా అన్నీ డిస్‌క్లోజర్ ఫారంలో రాయాలి. ఆ పేజీని గ్రానైట్ కౌంటర్‌టాప్ కంటే శ్రద్ధగా చూడండి. అమ్మేవాళ్లకి ఇప్పటికే ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ ఉంటే దాన్ని మీ పేరు మీదకి మార్పించుకోవచ్చేమో అడగండి. వాళ్లు పాత తక్కువ రేటు నుంచి ఏడాదికేడాది మెల్లగా పెరుగుతూ వస్తుంటే, ఆ తగ్గింపు మీకూ వర్తిస్తుంది, కొత్త పాలసీ తీసుకుంటే పూర్తి రేటు పడుతుంది. ఆప్షన్ పీరియడ్ (కొనే ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలున్న గడువు) చిన్నది, అందులోనే ఇన్‌స్పెక్షన్‌తో పాటు ఈ సర్వే కూడా పెట్టించుకోగలిగితే బేరానికి పనికొస్తుంది. సర్వేయర్లు పెద్ద వాన పడ్డ తర్వాత బాగా బిజీగా ఉంటారు కాబట్టి ముందే మాట్లాడి పెట్టుకోండి.

హ్యారిస్ కౌంటీ వాళ్లకి ఇంకొకటి. ఇప్పుడు వాడుతున్న మ్యాపుల్లో చాలావరకు 2007 నాటివి, 2001లో వచ్చిన ఆలిసన్ వరద తర్వాత చేసిన లెక్కలవి. కొత్త మ్యాపులు మాప్‌నెక్స్ట్ అనే ప్రాజెక్టు కింద తయారవుతున్నాయి. మ్యాపు మారితే బీఎఫ్‌ఈ మారవచ్చు, ఇవాళ జోన్ బయట ఉన్నవాళ్లు రేపు లోపలికి రావచ్చు. ఇంటికి మార్పులేమీ చేయనంతవరకు సర్టిఫికెట్‌లో కొలిచిన ఎత్తులు పనికొస్తాయి, పోల్చే అంకె మాత్రం కొత్తది అవుతుంది. అందుకని ఆ పీడీఎఫ్‌ని ఇంటి డీడ్‌తో పాటు దాచండి, అమ్మేటప్పుడు కొనేవాళ్లకి ఇవ్వండి.

లోను క్లోజింగ్‌తో పాటు తీసుకునే ఫ్లడ్ పాలసీ వెంటనే మొదలవుతుంది. లోను సంబంధం లేకుండా విడిగా తీసుకుంటే మామూలుగా 30 రోజులు ఆగాలి. తుఫాను సీజన్ జూన్ 1న మొదలవుతుంది కాబట్టి, తీసుకోవాలనుకునేవాళ్లు ఏప్రిల్ నెలాఖరు దాటనివ్వకండి.